శిలాముఖము

శిల యహల్యయైన కథ మన మెఱిగినదే. శిల మనుష్యునివలె గనబడి, ఇంచుమించు రెండువందల యేండ్లు ప్రజల మన్నన లందుకొని, మఱల శిలగానే రాలిపోయిన వృత్తాంతము చరిత్రయందు గలదు. దానిని పాఠకులకు నివేదింప నెంచితిమి.

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని న్యూహాంప్‌షైరునందు ఫ్రాంకోనియా యను కనుమ కలదు. అచ్చటి కానన్ పర్వతమున గ్రానైటు చరియ లైదు ముందునకు పొడుచుకొనివచ్చి, యొక ప్రక్కనుండి చూచువారికి ముదుసలి మొగమువలె దోచుచుండెడివి. క్రింది సరస్సునకు 1,200 అడుగుల పైని నున్న యీ ముఖము 40 అడుగుల యెత్తు గలది. దీనికి ‘పర్వతవృద్ధు’డని పేరు. చూచు చోటు మారెనేని ముఖము మాయమై ఱాళ్లే మిగిలెడివి.

1805లో నేల కొలువ వచ్చినవారు దీనిని గనుగొనిరని వ్రాతలు చెప్పుచున్నవి. 1850లో నథానియల్ హాథారన్ దీనినిబట్టి యొక కథ వెలువరించెను. ఈ ముఖమును బోలిన మహాపురుషుడు వచ్చునని తల్లి చెప్పిన మాట నమ్మి ఎర్నెస్టను బాలుడు ఎదురుచూచుచుండును. ధనికుడు, సేనాని, రాజకీయవేత్త, కవి వరుసగా వత్తురు, ఎవ్వరును సరిపోలరు. తుదకు, ఆ ముఖమునే చూచుచు సద్వర్తనుడై ముసలియైన ఎర్నెస్టే యా పోలిక గలవాడని కవి గ్రహించును. ఎర్నెస్టు మాత్రము తనకంటె మేలైనవాడు రాగలడనియే తలచును.

1945లో నీ ముఖము రాష్ట్రచిహ్నమయ్యెను. కాని నెఱ్ఱెలలో జొచ్చిన నీరు చలికాలమున గడ్డకట్టి, యుబ్బి, రాతిని చీల్చుచుండెను. 1916లో ఇనుపకడ్డీలతో బిగించిరి; 1958లో సిమెంటు కూర్చిరి. నీల్సన్ కుటుంబమువారు పెక్కేండ్లు ప్రాణములకు వెఱవక కొండ కెక్కి పగుళ్లు పూడ్చిరి. అయినను 2003 మే 3వ తేదీన తెల్లవారుసరికి ముఖము కూలిపోయియుండెను. జనులు కొండమొదట పూలుంచిరి.

కృత్రిమముఖ మొకటి నిలుపుదమని కొందఱనిరి, అది సాగలేదు. 2011లో సరస్సు తీరమున ఉక్కుకంబములు నాటిరి. తన యెత్తునకు దగిన చోట నిలిచి కంబమువెంట చూచువానికి, కొండపై మునుపటి రూపము మఱల గనబడును. మనుష్యుడు వచ్చి నిలువనిదే యచ్చట ముఖము లేదు.

ఈ యేర్పాటు మాకు మిక్కిలి సమంజసముగ దోచుచున్నది. రాతికి ముఖమిచ్చినది చూచువాని కన్నే. ఆ ముఖమున గన్న గాంభీర్యమును దయను నడవడిలో నిలుపుకొన్నవానికి, కొండ కూలినను నష్టము లేదు. నిలుపుకొననివానికి, కొండ నిలిచినను లాభము లేదు.