చివరి పది పౌండ్లు

తెలుగువాళ్లు వేలం పాడతారు. ఇంగ్లిషువాళ్ల వేలంలో పాట లేదు, సుత్తి ఉంది. పోర్చుగీసువాళ్ల ‘లైలావ్’ అనే మాటే హిందీలో నీలాం అయిందని, మన వేలం కూడా ఆ తోవలోనే ఒడ్డెక్కిందని భాషావేత్తలు చెబుతారు. ఎక్కడినుంచి వస్తేనేం, దానికి వెర్రిని జోడించి ‘వేలంవెర్రి’ అనే చక్కటి మాటను తయారుచేసుకున్నది మాత్రం మనమే. ఆ మాటకు సరైన ఉదాహరణ కావాలంటే 1812 జూన్ 17న లండన్‌లోని సెయింట్ జేమ్సెస్ స్క్వేర్‌కు వెళ్లాలి. అక్కడ చనిపోయిన ఒక జమీందారుగారి భోజనాల గదిలో ఒకే ఒక్క పాత పుస్తకం కోసం ఇద్దరు ప్రభువులు పోటీ పడ్డారు. ఇద్దరూ ఒకే ముత్తాతకు మునిమనవలు.

చనిపోయిన పెద్దమనిషి జాన్ కెర్, మూడో రాక్స్‌బర్గ్ డ్యూక్. 1740లో పుట్టాడు, 1804లో పోయాడు. పెళ్లి చేసుకోలేదు. దానికి ఒక కథ చెప్పుకునేవారు. యువకుడిగా ఉన్నప్పుడు జర్మనీలోని మెక్లెన్‌బర్గ్-స్ట్రెలిట్జ్ రాజకుమారి క్రిస్టియానా మీద మనసు పడ్డాడట. అంతలో ఆమె చెల్లెలు షార్లెట్‌కు ఇంగ్లండు రాజు మూడో జార్జితో సంబంధం కుదిరింది. 1761లో పెళ్లయింది. చెల్లెలు రాణి అయ్యాక, అక్క ఆ రాణిగారి ప్రజల్లో ఒకడికి భార్య కావడం మర్యాద కాదన్నారు. ఆమె కన్యగానే ఉండిపోయింది, ఆయన బ్రహ్మచారిగా ఉండిపోయాడు. మిగిలిన జీవితమంతా పుస్తకాలు పోగేశాడు. ఇలాంటి కథలను సగం నమ్మితే చాలు. పుస్తకాలు మాత్రం పూర్తిగా నిజం. పది వేలకు చేరువైన వాటాలుగా విడగొట్టి పాడితే తప్ప తెమలనన్ని.

ఆయనకు పుస్తకాల పిచ్చి ఎలా పట్టిందో చెప్పే కథ ఇంకొకటి ఉంది. తండ్రిగారింట విందుకు ఆక్స్‌ఫర్డ్ ప్రభువు, సండర్లండ్ ప్రభువు వచ్చారట. ఇద్దరూ పేరుమోసిన గ్రంథసేకర్తలే. బొకాచియో రాసిన ‘డెకామెరాన్’ 1471 నాటి ముద్రణ ఎంత అపురూపమో మాట్లాడుకుంటున్నారు. ఆ పుస్తకం వంద గినీలకు అమ్మకానికి ఉందని డ్యూక్ తండ్రికి గుర్తొచ్చింది. చప్పుడు చేయకుండా కొని, తర్వాత ఒకరోజు ఇద్దరినీ మళ్లీ పిలిచి ముందు పెట్టాడు. అతిథుల ముఖాలు చూసి కొడుకుకు పుస్తకాల రుచి తెలిసిందట. కథ బాగానే ఉంది కానీ తేదీలు కుదరవు. సేకర్తగా పేరున్న సండర్లండ్ 1722లోనే పోయాడు. అప్పటికి విందు ఇచ్చిన తండ్రే ఇంకా పిల్లవాడు, కొడుకు పుట్టనే లేదు. అయినా ఈ పేరును గుర్తుపెట్టుకోవాలి. వేలం నాడు తలపడ్డ ఇద్దరికీ ముత్తాత ఈ సండర్లండే.

పుస్తకాలను వేలం వేయడం అప్పటికి కొత్తేమీ కాదు. 1599లోనే హాలండులోని లైడెన్‌లో మార్నిక్స్ అనే పండితుడి గ్రంథాలను పట్టిక అచ్చు వేయించి మరీ పాడారు. ఇంగ్లండులో 1676లో విలియం కూపర్ అనే పుస్తకాల వర్తకుడు ఒక మతబోధకుడి గ్రంథాలయాన్ని అలాగే అమ్మాడు. 1744 మార్చిలో శామ్యూల్ బేకర్ ఒక పెద్దమనిషి పుస్తకాలను పాడించి 826 పౌండ్లు రాబట్టాడు. ఈరోజు కోట్ల డాలర్ల బొమ్మలు అమ్మే సోథబీస్ సంస్థ ఆ పాటనే తన పుట్టిన రోజుగా లెక్కపెట్టుకుంటుంది. అంటే ఆ దుకాణం మొదలైంది చిత్రాలతో కాదు, పుస్తకాలతో.

అయితే ఈ వ్యాపారానికి సరుకు ఎప్పుడు పడితే అప్పుడు రాదు. యజమాని చావాలి, లేదా అప్పులపాలు కావాలి. డ్యూక్ పోయిన మరుసటి ఏడే ఆయన బిరుదు అందుకున్న దాయాది కూడా పోయాడు. ఆపైన వారసత్వం ఎవరిదన్న తగాదా ఏళ్ల తరబడి సాగింది. చివరికి 1812లో సర్ జేమ్స్ ఇన్నెస్ వైపు తీర్పు వచ్చింది. అప్పటికి ఆయనకు 76 ఏళ్లు. (ముసలాయన ఇక ఎన్నాళ్లుంటాడులే అనుకున్నవాళ్లకు సమాధానంగా 80వ ఏట కొడుకును కన్నాడు.) డ్యూక్‌గారి పుస్తకాలు ఆ ఏడు మే నెలలోనే సుత్తి కిందికి వచ్చాయి.

ఎలాంటి మే నెల అది! 11వ తేదీన ప్రధానమంత్రి స్పెన్సర్ పెర్సివల్‌ను పార్లమెంటు ఆవరణలోనే తుపాకీతో కాల్చి చంపారు. హంతకుడు బెల్లింగ్‌హామ్‌ను వారం తిరక్కుండా, 18వ తేదీ సోమవారం ఉరితీశారు. సరిగ్గా అదే రోజు రాక్స్‌బర్గ్ వేలం మొదలైంది. ఉత్తరాది జిల్లాల్లో పొట్ట కొడుతున్నాయన్న కసితో కార్మికులు మగ్గాల యంత్రాలను పగలగొడుతున్నారు, గోధుమల ధర మండిపోతోంది, ఐరోపా అంతా నెపోలియన్ యుద్ధంలో ఉంది. సెయింట్ జేమ్సెస్ స్క్వేర్‌లోని ఆ గదిలో మాత్రం మొత్తం 42 రోజుల పాట. సుత్తి పట్టిన రాబర్ట్ హార్డింగ్ ఎవాన్స్ పాల్‌మాల్ వీధిలో పుస్తకాలు అమ్ముకునే వర్తకుడు. వేలం వేయడం ఆయనకు అదే మొదటిసారి.

ఆ పాటలో ఏం పలికింది, ఏం పలకలేదు అన్నది చూస్తే ఇప్పటి వాళ్లకు నవ్వొస్తుంది. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటం సరిగ్గా వంద పౌండ్లకు పోయింది. ఆ ముద్రణ ప్రతి ఒకటి 2020లో న్యూయార్క్‌లో కోటి డాలర్లకు చేరువగా పలికింది. కానీ 1812 నాటి మోజు వేరు. ఇంగ్లిషులో అచ్చయిన మొట్టమొదటి పుస్తకం, విలియం కాక్స్‌టన్ అచ్చొత్తిన ట్రాయ్ కథల సంపుటం, 1,060 పౌండ్ల 10 షిల్లింగులు తెచ్చింది. కొన్నది డెవన్‌షైర్ డ్యూక్. వందేళ్ల తర్వాత ఆయన వారసులు దాన్ని అమెరికా రైల్వే కోటీశ్వరుడు హంటింగ్టన్‌కు అమ్మేశారు. ఇప్పుడది కాలిఫోర్నియాలో ఉంది.

పామరుల సరుకు కూడా ఒకటుంది. వీధుల్లో పాడుతూ ఒక్కో కాగితం చొప్పున అమ్మిన జానపద గీతాల కట్ట. మన తిరునాళ్లలో బుర్రకథల, పాటల పుస్తకాలు అమ్మినట్టు లండన్ వీధుల్లో చిల్లర డబ్బులకు అమ్మినవి. తెలివైనవాళ్లు దాచుకుంటూ వచ్చారు, ఒకరి తర్వాత ఒకరు. రాక్స్‌బర్గ్ దాన్ని పెంచాడు. ఈ కాగితాలు 477 పౌండ్ల 15 షిల్లింగులకు పోయాయి, అంటే షేక్‌స్పియర్‌కు నాలుగు రెట్లకు పైన. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పదిహేడో శతాబ్దపు సామాన్యులు దేనికి నవ్వేవారో, దేనికి ఏడ్చేవారో తెలుసుకోవాలంటే చరిత్రకారులు ఇప్పటికీ ఆ కట్టే విప్పుతారు. ఆ 42 రోజుల్లో నిజంగా విలువైన బేరం ఏదంటే ఈ వ్యాసకర్త ఓటు ఈ కాగితాలకే. కానీ ఊరంతా ఎదురుచూసింది బొకాచియో కోసం.

బొకాచియో పుస్తకంలో అంత విశేషం ఏమిటి? ప్లేగు భయంతో ఫ్లోరెన్సు వదిలి వెళ్లిన పదిమంది పదిరోజులు చెప్పుకునే వంద కథలు. కొన్ని కొంటె కథలు, పాదిరీల గుట్టు విప్పేవి. 1497లో ఫ్లోరెన్సులో సవొనరోలా అనే సన్యాసి అద్దాలు, అత్తర్లు, పేకముక్కలు, ‘పాడు’ పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టించినప్పుడు డెకామెరాన్ ప్రతులు కూడా బూడిదయ్యాయని అంటారు. క్రిస్టొఫర్ వాల్డార్ఫర్ వెనిస్‌లో 1471లో అచ్చువేసిన ప్రతుల్లో ఒక్క ఆకు కూడా పోకుండా మిగిలింది డ్యూక్ దగ్గరున్నది ఒక్కటేనని అప్పటి సేకర్తల నమ్మకం. పైగా ఆ కథలకు అదే మొదటి అచ్చు అని కూడా అనుకున్నారు.

జూన్ 17. గది కిక్కిరిసింది. ష్రాప్‌షైర్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి వంద గినీలతో పాట మొదలుపెట్టాడు. కాసేపటికి చిన్నవాళ్లు తప్పుకుని ఇద్దరు మిగిలారు. ఒకరు ఎర్ల్ స్పెన్సర్. ఒకప్పుడు బ్రిటిష్ నౌకాదళ వ్యవహారాలు చూసిన మంత్రి, ఆల్థార్ప్ భవనంలో దేశంలోకెల్లా గొప్ప సొంత గ్రంథాలయానికి అధిపతి. రెండోవారు బ్లాండ్‌ఫర్డ్ మార్క్విస్. మార్ల్‌బరో డ్యూక్‌కు పెద్దకొడుకు, చేతికి ఎముక లేనివాడు. వెయ్యి దాటింది. రెండు వేలు దాటింది. స్పెన్సర్ 2,250 పౌండ్లు అన్నాడు. బ్లాండ్‌ఫర్డ్ దానిమీద పది వేశాడు. స్పెన్సర్ ఆగాడు. 2,260 పౌండ్ల దగ్గర ఎవాన్స్ సుత్తి పడింది.

ఈ అంకె ఎంత పెద్దదో తెలియాలంటే ఆ ఏడే జరిగిన ఇంకో పుస్తకం బేరం చూడాలి. నవంబరులో జేన్ ఆస్టెన్ తన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవల హక్కులన్నీ ప్రచురణకర్తకు 110 పౌండ్లకు రాసిచ్చేసింది. బొకాచియో ప్రతి ఒక్కదాని ధరకు అలాంటి నవలలు ఇరవై కొనొచ్చు.

ఆ సాయంత్రం సెయింట్ ఆల్బన్స్ టావెర్న్ అనే పూటకూటింట్లో పుస్తకాల పిచ్చివాళ్లు విందు చేసుకున్నారు. ఏర్పాటు చేసినవాడు టామస్ ఫ్రాగ్నల్ డిబ్డిన్, స్పెన్సర్ గ్రంథాలయానికి పట్టికలు రాసిపెట్టే పాదిరీ. 1809లోనే ఈ పిచ్చి మీద ఒక పుస్తకం రాసిన ఘటికుడు. ఈ వేలాన్ని ఆయన తర్వాత వాటర్లూ యుద్ధంలా వర్ణించాడు. సుత్తి చప్పుడు ఇటలీ గ్రంథాలయాల దాకా వినిపించిందన్న ధోరణి ఆయనది. ఓడిన స్పెన్సరే ఆ విందుకు అధ్యక్షుడు! పుట్టిన సంఘానికి రాక్స్‌బర్గ్ క్లబ్ అని పేరు. సభ్యుడైనవాడు ఏదో ఒక అరుదైన గ్రంథాన్ని అచ్చువేయించి తోటివాళ్లకు పంచాలన్నది నియమం. నలభై మంది సభ్యులతో ఇప్పటికీ నడుస్తోంది. మర్నాడు, జూన్ 18న, అమెరికా బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. ఆ మరుసటి వారమే నెపోలియన్ రష్యాలో కాలుపెట్టాడు.

42 రోజుల లెక్క తేలేసరికి 23,000 పౌండ్లు దాటింది. డ్యూక్ ఈ పుస్తకాలమీద పెట్టింది 5,000 పౌండ్లకు మించదని అప్పటి అంచనా. ఆ వార్త విన్న ప్రతి భూస్వామీ తాతల నాటి బీరువాలు తెరిపించి ఉంటాడు.

బ్లాండ్‌ఫర్డ్ సంగతికి వద్దాం. రెడింగ్ దగ్గర వైట్‌నైట్స్ అనే ఎస్టేటులో అరుదైన మొక్కలు, అరుదైన పుస్తకాలు, ఏది కనిపిస్తే అది కొన్నాడు. 1817లో తండ్రి పోయి మార్ల్‌బరో డ్యూక్ అయ్యాడు కానీ అప్పులవాళ్లు అప్పటికే వాకిట్లో కూర్చున్నారు. 1819లో వైట్‌నైట్స్ పుస్తకాలు వేలానికొచ్చాయి. సుత్తి పట్టింది మళ్లీ ఎవాన్సే. బల్లమీదికి వచ్చింది మళ్లీ అదే బొకాచియో. ఆకులు అవే, అచ్చు అదే. ఏడేళ్లలో దానికి పట్టిన కొత్త తెగులేమీ లేదు. కానీ ఈసారి గదిలో బ్లాండ్‌ఫర్డ్ కొనేవాడు కాదు, అమ్మేవాడు. పాట 875 గినీల దగ్గర, అంటే 918 పౌండ్ల 15 షిల్లింగుల దగ్గర ఆగిపోయింది. లాంగ్‌మన్ కంపెనీవాళ్లు పాడుకున్నారు. వాళ్ల చేతిమీదుగా పుస్తకం ఆల్థార్ప్ చేరింది. స్పెన్సర్ ఏడేళ్లు ఆగి, తను పాడిన దానిలో సగం కూడా ఖర్చుకాకుండా దక్కించుకున్నాడు.

ఆల్థార్ప్‌లో అది డెబ్బై ఏళ్లకు పైగా ఉంది. 1892లో ఆ ఇంటివాళ్లకూ డబ్బు అవసరం పడింది. ఈసారి వేలం జరగలేదు. దాదాపు 40,000 సంపుటాలున్న గ్రంథాలయాన్ని మొత్తంగా ఎన్రికెటా రైలాండ్స్ అనే వితంతువు కొనేసింది. భర్త జాన్ రైలాండ్స్ మాంచెస్టర్ నూలు వ్యాపారి, ఇంగ్లండులో ఆ రంగంలో అగ్రగణ్యుల్లో ఒకడు. మాంచెస్టర్ మిల్లు గుడ్డ అంటే ఏమిటో తెలుగు సాలెవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలా వచ్చిన డబ్బుతో ఆమె భర్త పేరిట మాంచెస్టర్‌లోని డీన్స్‌గేట్ వీధిలో చర్చిలా కనిపించే గ్రంథాలయం కట్టించింది. 1900 జనవరి 1న అది పాఠకులకు తలుపులు తెరిచింది. రాక్స్‌బర్గ్ బొకాచియో ఆనాటి నుంచి అక్కడే ఉంది.

ఈలోగా గ్రంథ చరిత్రకారులు అచ్చు అక్షరాలను, కాగితాన్ని పరిశీలించి ఒక సంగతి తేల్చారు. డెకామెరాన్‌కు వాల్డార్ఫర్‌దే మొదటి అచ్చు కాదు. అంతకు ముందే, 1470 ప్రాంతంలో, తేదీ గానీ అచ్చువేసినవాడి పేరు గానీ లేకుండా ఇంకొకటి వెలువడింది. చివర ‘దేవుడికి కృతజ్ఞతలు’ అన్న లాటిన్ మాటలు ఉండటం వల్ల దాన్ని ‘దేఓ గ్రాతియాస్’ ముద్రణ అంటారు. 2,260 పౌండ్లు పలికిన పుస్తకం కేవలం తేదీ వేసిన వాటిలో మొదటిది.