మన ఇనుప పెనము: పుట్టుపూర్వోత్తరాలు

ఉగాది సంచికలలో షడ్రుచుల పచ్చడిని గురించి ఏటా ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. పచ్చడి తరువాత పొయ్యి మీదికి వచ్చేవి బొబ్బట్లు, మా వైపు మాటలో ఓళిగలు. ఆ ఓళిగలు కాలే పెనమును గురించి వ్రాసినవారు మాత్రము నా కంటబడలేదు. ఆ లోటు కొంత తీర్చుదామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. వంటింటి విషయానికి మగవాడు కలము పట్టినాడేమని సోదరీమణులు నవ్వవచ్చును. పెనము తోమి, కాచి, చేతులు నల్లగా చేసుకొన్న తరువాతనే వ్రాస్తున్నానని మనవి.

మా స్వగ్రామము పెరియపాళయము. చెన్నై నుంచి ఊత్తుకోటకు పోయే దారిలో ఆరణి నది ఒడ్డున ఉన్నది. ఆ నది చిత్తూరు కొండలలో పుట్టి, పిచ్చాటూరు, ఊత్తుకోటల మీదుగా మా ఊరిని ఒరుసుకొంటూ పొన్నేరి దాటి పులికాటు వైపు పోతుంది. ఆడి మాసములో భవానీ అమ్మవారికి వేపాకు చీర మొక్కు తీర్చుకొనే జనముతో ఊరు కిక్కిరిసిపోతుంది. 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దులు మారి తిరుత్తణి అటు, సత్యవేడు ఇటు అయినప్పుడు మా ఊరు ఉన్న చోటనే ఉండిపోయినది. ఇంటిలో తెలుగు, వీధిలో అరవము. అందుచేతనే ఓళిగ కాల్చేటప్పుడు పెనము అనేవారము, దోసె పోసేటప్పుడు అదే వస్తువును దోసెకల్లు అనేవారము. ఇనుమును ‘కల్లు’, అనగా రాయి, అని పిలవడములో ఒక మర్మమున్నది. దానిని ముందుకు పోయి ముచ్చటించుకొందాము.

గత ఏడు మా పాత ఇల్లు విప్పించినాము. పసువుల కొట్టములో ఎండుగడ్డి కింద మా అవ్వ పెనము దొరికినది. పెనమనడానికి లేదు, ఎర్రని తుప్పు ముద్ద. మా మేనకోడలు దానిని అప్పటికే పాత ఇనుము గోతాములో వేసి ఉన్నది. పూర్వము చెన్నపట్టణపు వీధులలో పాత ఇనుమునకు పేరీచ్చంపళము, అనగా ఖర్జూరపు పండ్లు, ఇస్తామని కేకలు వేస్తూ వచ్చేవారు. ఇప్పుడు తూకము వేసి రొక్కమే ఇస్తున్నారు.

“మామా, ఇది పోయిన సరుకు. తూకానికి వేసేద్దాము” అన్నది.

“ఉండమ్మా, ఒకసారి నా చేతిలో పెట్టు” అని పుచ్చుకొని, బ్రతుకుతెరువుకై నేను చేరిన ఈ ముంబయికి రైలులో తెచ్చుకొన్నాను. నాలుగు కిలోల పైమాటే.

మా బంధువర్గములో దీనిని గురించి గొప్పలు చాలా ఉన్నవి. చోళుల నాటిదని ఒకరు, వేయేండ్లదని ఇంకొకరు. అవ్వ కాపురానికి తెచ్చుకొన్నదని అమ్మ చెప్పేది. అది నిజమైతే నూరేండ్లకు లోపే. పెనమును తిరగవేసి చూస్తే సంగతి తేలిపోయినది. అడుగంతా ఇసుక రేణువుల గరుకు, ఒక మూల కరిగిన ఇనుము పోసిన చోట విరిచిన మొండి గుర్తు. ఇది కొలిమి మీద సుత్తితో సాగగొట్టినది కాదు, ఇసుక అచ్చులో పోసినది.

ఈ రెంటికీ భేదము తెలియకనే మనము చాలా పొరబాటు మాటలు వ్రాసుకొంటున్నాము. మన దేశపు పాత కొలుములలో బొగ్గు మంటకు ఇనుపరాయి పూర్తిగా కరిగి నీరయ్యేది కాదు. మెత్తని ముద్దగా దిగేది. దానిని సమ్మెటతో కొట్టి మడ్డి విడదీసి, కమ్మరి తనకు కావలసిన రూపానికి తెచ్చేవాడు. కుంఫిణీ కొలువులోని వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ హైనె 1795లో నూజివీడు ప్రాంతపు రమణక్కపేటలో ఇటువంటి కొలుములను చూచి వివరముగా వ్రాసిపెట్టినాడు. నిజామాబాదు జిల్లా కోనసముద్రములో మూసలలో కరిగించి చేసిన ఉక్కును పారశీక వర్తకులు వచ్చి కొనుక్కొని పోయేవారు. అది మహత్తరమైన విద్యయే. కాని ఆ ఉక్కు కత్తులకు పోయినది, పెనాలకు కాదు. మన పాత పెనము కమ్మరి సాగగొట్టిన పలుచని రేకు. కింద పడితే సొట్ట పడుతుంది. పోత పెనము పడితే పగులుతుంది. దానిలో నూటికి మూడు నాలుగు పాళ్లు బొగ్గుపదార్థము ఉండడమే అందుకు కారణము. ఆ పాలు ఉన్నందువల్లనే అది సుమారు 1150 డిగ్రీల వేడికే కరిగి అచ్చులోకి పారుతుంది. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావలె.

పోత విద్యలో చీనావారు అందరికన్న ముందు. క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దికే వారు ఇనుము పోత పోసినారు. ఐరోపాలో సామాన్యుల వంటింటికి దానిని దింపినవాడు అబ్రహాం డార్బీ. 1707లో ఇసుక అచ్చులలో ఇనుప కుండలు పోసే పద్ధతికి ఆయన హక్కుపత్రము పొందినాడు. రెండేండ్లకు, 1709లో, కట్టెబొగ్గుకు బదులు కోకుతో ఇనుము కరిగించినాడు. ప్రపంచ చరిత్రను మార్చిన ఆ కొలిమికి మూలము కూడుకుండలే అన్న మాట మన చరిత్ర పాఠాలలో ఎందుకో వినబడదు!

మన దక్షిణదేశములో ఈ పనికి పూనుకొన్నవాడు జోషయా మార్షల్ హీత్. కుంఫిణీ ఉద్యోగము వదలి, 1830లో దక్షిణార్కాటు తీరాన పరంగిపేటలో కొలుములు కట్టించినాడు. కట్టెబొగ్గుకై అడవులు తరిగినవి. సొమ్మూ తరిగినది. శతాబ్దము తిరగకముందే అవి మూతపడినవి. 1856లో చెన్నపట్టణము రాయపురము నుంచి ఆర్కాటు వైపు పడిన రైలుదారి మా తిరువళ్లూరు మీదుగానే పోయినది. రైలు వచ్చిన చోటికి పోత పని కూడా వస్తుంది. 1911లో టాటావారి కొలిమి, 1923లో మైసూరువారి భద్రావతి కొలిమి వెలిగిన తరువాత పోత ఇనుమునకు మన దేశములో కరువు లేకపోయినది. మా అవ్వ పెనము ఆ కాలపు బిడ్డ. చోళులకూ దీనికీ చుట్టరికము లేదు.

అయితే పెనము క్రొత్తదైనా, దానిని సాకిన విద్య క్రొత్తది కాదు. ఇక్కడనే ఆ ‘కల్లు’ మర్మమున్నది. మన ఇండ్లలో పులుసు కాచే రాచిప్ప ఉన్నది గదా, అరవములో కల్‌చట్టి. దానిని కొన్న వెంటనే పొయ్యి మీద పెడితే పగులుతుంది. పసుపు, ఆముదము పట్టించి, రోజూ వేడి గంజి పోసి, వారము పది దినాలు అలవాటు చేసిన తరువాతనే మంట చూపుతారు. దీనిని అరవవారు ‘పళక్కుదల్’ అంటారు. కోడెను కాడికి అలవాటు చేయడానికి కూడా వారికి అదే మాట. మా అవ్వ ఇనుప పెనానికి చేసినదీ అదే: గంజి, నూనె, ఓర్పు. రాయికి చేసిన ఉపచారము రేకు పెనానికి, దాని నుంచి పోత పెనానికి దిగివచ్చినదని నా తాత్పర్యము. మనము గొప్పగా చెప్పుకోవలసినది ఏదైనా ఉంటే ఆ చేతి వాడుకను గురించి చెప్పుకోవలె, ఇనుము వయస్సును గురించి కాదు.

ఇక నేను చేసిన పని చెబుతాను. మొదట కొబ్బరిపీచుతో, ఇటుకపొడితో పొడి తుప్పు రాల్చినాను. పులియబెట్టిన గంజి పోసి రాత్రంతా ఉంచి, ఉదయము తోమినాను. అవ్వ పద్ధతి ఇదే. గంజి పులుపు మృదువైనది, తుప్పును వదులు చేస్తుంది గాని ఇనుమును కొరకదు. మొండి మచ్చలకు చింతపండు రుద్దినాను. చింతపండును మాత్రము అరగంట మించి ఉంచరాదు. తుప్పు అయిపోయిన తరువాత పులుపు ఇనుము మీదనే పడుతుంది. అయిదవ నాటికి బూడిద రంగు ఇనుము బయటపడినది. కడిగి గుడ్డతో తుడిచి, ఫోనులో ఎవరో పిలిస్తే మాట్లాడి వచ్చేసరికి మళ్లీ పసుపుపచ్చగా తుప్పు! కడిగిన క్షణమే పొయ్యి మీద ఆరబెట్టవలెనని అవ్వ ఎందుకు తొందరపడేదో అప్పుడు అర్థమైనది.

తరువాత నూనె. పెనము బాగా వేడెక్కిన పిమ్మట నువ్వుల నూనె చుక్కలు వేసి గుడ్డతో అంతటా రాసి, రాసినదంతా తుడిచివేయవలె. తుడిచినా మిగిలే పొర చాలును. పొగ వచ్చి ఆగేదాకా కాచి, చల్లార్చి, మరల అదే పని. నేను ఎనిమిది మార్లు చేసినాను. నూనె మాడి బొగ్గయిందని కొందరు అనుకొంటారు గాని, అది వేరు. వేడికి నూనె అణువులు గాలిలోని ప్రాణవాయువుతో కలసి, గొలుసులుగా అల్లుకొని, ఇనుమును కరచుకొన్న గట్టి పొరగా మారుతవి. ఎండే గుణమున్న నూనెలకే ఇది బాగా చేతనవుతుంది. అవిసె నూనె అందరికన్న త్వరగా గట్టిపడుతుంది గాని పెచ్చులూడే గుణమున్నది. నువ్వుల నూనె మధ్యస్థము. ఆముదము ఎండదు. అందుచేతనే పెనమును అటక మీద దాచేటప్పుడు మన పెద్దలు ఆముదము రాసేవారు, వాడుకలో ఉన్నప్పుడు నువ్వుల నూనె. రసాయనశాస్త్రము చదువని అవ్వకు ఈ తేడా ఎట్లా తెలిసినదో!

మొదటి మూడు దోసెలు అంటుకొన్నవి. సగానికి కోసిన ఉల్లిపాయతో రుద్దుతూ పోసిన నాలుగవది లేచి వచ్చినది.

తప్పు కూడా చెప్పుకోవలె. అదే కొట్టములో ఒక పోత మూకుడు దొరికినది. దాని జిడ్డు వదలడము లేదని ఎర్రని నిప్పులలో వేసి, తీసి, తొందరకొద్దీ చన్నీళ్లు పోసినాను. ఠప్పున పగిలినది. అది మా పెద్దత్తగారిది. ఆమెకు ఇంకా చెప్పలేదు. ఈ సంచిక వారి ఇంటికి పోకుండా చూడవలసినదిగా సంపాదకవర్గమువారికి ప్రార్థన. ఇంకొక హెచ్చరిక: ఎప్పుడైనా సీసము కరగబోసిన పాత్ర అని అనుమానమున్నా దానిని వంటకు వాడరాదు. ఎంత తోమినా ఆ విషము పోయినదని నమ్మడానికి లేదు.

ఈ విద్య మన ఇండ్లలో ఎందుకు తెగిపోయినది? 1898లో మదరాసు చిత్రకళాశాల అధిపతి ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అల్యూమినియము పాత్రలు చేయించడము మొదలుపెట్టినాడు. తేలిక, చౌక, తుప్పు పట్టదు. పిమ్మట స్టీలు వచ్చినది. 1938లో అమెరికాలో కనిపెట్టిన టెఫ్లాను పూత 1950ల నుంచి పెనాలకు ఎక్కినది. వీటిలో దేనికీ గంజి అక్కరలేదు. మా అమ్మ తరము ఇనుమును అటకెక్కించినది, మా తరము కొట్టములో పారవేసినది, మేనకోడలి తరానికి గోతాము ఒక్కటే మిగిలినది. ఇందులో ఆ పిల్ల తప్పేమున్నది? ఆమెకు చూపించినవారెవరు?

పెనము ఛాయాచిత్రము ఆమెకు పంపినాను. గంటలోపే ఫోను చేసినది.

“మామా, గోతాములో నుంచి తీసిచ్చినది నేనే గదా. అది నాదే.”

గోతాములో వేసినదీ నీవేనని అనబోయి ఊరుకొన్నాను. ఈ ఉగాదికి ఓళిగలు దాని మీదనే ఇక్కడ కాలుతవి. ఆడి మాసములో అమ్మవారి మొక్కుకు ఊరికి పోయేటప్పుడు ఆముదము రాసి, పాత పంచెలో చుట్టి, పెట్టె అడుగున పెట్టుకొని పోవలె. రైలులో పై అరలో మాత్రము పెట్టను.