పుట్టింటి పేరు

పోయిన వేసవిలో అమెరికాలో మా అబ్బాయి దగ్గర మూడు నెలలు వున్నాం. మసాచుసెట్స్ రాష్ట్రంలో లోవెల్ అనే వూరు. ఒకప్పుడు నూలు మిల్లులకు పెట్టింది పేరు. పక్కింట్లో ఎనభై ఏళ్ళ పెద్దావిడ వుండేది. ఆవిడ పుట్టింటివారు కింగ్‌లు, అంటే రాజులు. పూర్వీకులెవరో కనుక్కోవాలని ఆవిడకు ఒకటే ధ్యాస.

వాళ్ళ తాతగారు కెనడాలోని క్విబెక్ నుంచి మిల్లు పనికి వచ్చాడట. 1840కీ 1930కీ మధ్య అలా సుమారు 9 లక్షల మంది ఫ్రెంచి కెనడియన్లు సరిహద్దు దాటారు. తీరా క్విబెక్ చర్చి రిజిస్టర్లు తిరగేస్తే కింగ్ తాతగారు కనబడడే!

ఎలా కనబడతాడు? అక్కడ ఆయన ఇంటిపేరు రాయ్. బెంగాలీ రాయ్ కాదు సుమండీ! రాయడం అలా, పలకడం "ర్వా". ఫ్రెంచిలో రాజని అర్థం. అమెరికాలో అదే కింగ్ అయింది. అలాగే లెబ్లాన్‌లు కొందరు వైట్‌లయ్యారు, బ్వావేర్‌లు గ్రీన్‌వుడ్‌లయ్యారు.

ఒక ముడి విప్పితే ఇంకో ముడి. 1665లో ఫ్రాన్సు నుంచి కారిన్యాన్-సాలియేర్ పటాలం అక్కడ దిగింది. సుమారు 1,200 మంది సిపాయిల్లో 400 మంది దాకా అక్కడే కాపురాలు పెట్టేశారు. పటాలంలో సిపాయికో మారుపేరు: లాఫ్లర్ అంటే పువ్వు, సాన్సూసీ అంటే చీకూచింతా లేనివాడు. కాగితాల్లో "ఫలానా డి లాఫ్లర్" అని రాసేవారు. "డి" అంటే "అనబడే". మన దస్తావేజుల్లో "ఉరఫ్" వంటిదన్నమాట. ఒక కొడుకు అసలు పేరు, ఇంకో కొడుకు మారుపేరు పట్టుకుపోతే, మనవలనాటికి ఒక్క ఇల్లు కాస్తా రెండిళ్ళు!

పోనీ, సొంత పేర్లతో పోల్చుకుందామా? బాప్తిస్మంలో మగపిల్లలకు ముందు జోసెఫ్ అనీ, ఆడపిల్లలకు మరీ అనీ పెట్టడం వాడుక. పిలిచే పేరు ఆ వెనకెక్కడో వుంటుంది. పసిబిడ్డ పోతే తర్వాతి బిడ్డకు అదే పేరు. ఆ రిజిస్టరు చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది.

అయినా వాళ్ళు రాతను వదల్లేదు. 1640లో క్విబెక్ చర్చితో పాటు రిజిస్టర్లు కాలిపోతే, జనాన్ని అడిగి జ్ఞాపకాల మీద మళ్ళీ రాశారు. సిప్రియన్ టాంగే అనే మతగురువు 1871 నుంచి 1890 దాకా ఏడు సంపుటాల వంశావళి నిఘంటువు అచ్చువేశాడు.

అన్నిటికంటే పెద్ద ఉపకారం మరొకటి వుంది. బయట భర్త పేరుతో పిలిచినా, చర్చి రిజిస్టర్లో మాత్రం ఆడమనిషిని చివరిదాకా పుట్టింటి పేరుతోనే రాసేవారు. 1663-73 మధ్య రాజుగారి ఖర్చుతో పెళ్ళిళ్ళకని ఓడెక్కి వచ్చిన సుమారు 800 మంది పేదపిల్లల పేర్లు ఈనాటికీ దొరుకుతున్నది అందుకే. 1981 నుంచి క్విబెక్‌లో పెళ్ళయినా పుట్టింటి పేరే చట్టబద్ధమైన పేరు.

పక్కింటావిడకు దారి చూపిందీ అదే. వాళ్ళ నాన్నగారి బాప్తిస్మపు రిజిస్టర్లో నాయనమ్మ పుట్టింటి పేరు దొరికింది. దాన్ని పట్టుకుని వెతికితే నాయనమ్మ పెళ్ళి, ఆ పెళ్ళి కాగితంలో రాయ్ తాతగారు!

ఆ కాగితం చూపించి మురిసిపోతూ అడిగింది: "మీ నాయనమ్మ పుట్టింటి పేరేమిటి?"

నాకు నోట మాట రాలేదు. ఏటా తద్దినంలో నాయనమ్మ పేరు చెబుతాను. అదీ మా గోత్రంతోనే. ఆ రాత్రే తెనాలిలో మా మేనత్తకు ఫోను చేశాను. చాలాసేపు ఆలోచించి, "అమ్మను అందరూ పొన్నూరమ్మ అనేవారురా. ఇంటిపేరు మాత్రం ఎవరూ అనగా వినలేదు" అంది.

మా ఇంట ఏ రిజిస్టరూ కాలిపోలేదు. అసలు రాస్తేగా!

వెంటనే డైరీ తీసి మా అమ్మ పుట్టింటి పేరు రాశాను. దాని కింద మా ఆవిడ పుట్టింటి పేరు రాస్తుంటే, ఆవిడ భుజం మీదుగా తొంగిచూసి అంది:

"నలభై ఏళ్ళకి జ్ఞాపకం వచ్చిందా?"