భూమినే పరాయి గ్రహముగా చూచిన పరికరము

2023 జూలై 14వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు చంద్రయాన్-3ను మోసికొని ఎల్వీఎం-3 రాకెట్టు శ్రీహరికోటనుండి పైకి లేచినప్పుడు, దేశమెల్ల విక్రమ్ ల్యాండరునే తలచుచుండెను గాని, ఆ ల్యాండరును చంద్రునిచెంతకు చేర్చి పిదప కథలోనుండి తప్పుకొనవలసిన ప్రొపల్షన్ మాడ్యూలునకు బిగింపబడిన ‘షేప్’ అను చిన్న పరికరమును తలచినవారు మిక్కిలి అరుదు. ఆగస్టు 23న విక్రమ్ దిగిన సాయంకాలపు సంబరములలో దాని పేరెవ్వరును ఎత్తలేదు. అయినను, అన్యలోకములయందు జీవమున్నదా యను ప్రశ్నకు ఆ యాత్రలో అన్నిటికంటె చేరువగా పోయినది ఆ పరికరమేయని నా అభిప్రాయము.

2022 ఏప్రిల్‌నుండి శ్రీహరికోట దీవి తిరుపతి జిల్లాలో చేరినను, చరిత్ర వ్రాయువానికి అది నెల్లూరు తీరమే. ఒక వంక బంగాళాఖాతము, వేఱొక వంక పులికాటు సరస్సు, నడుమ ఇసుకనేల; యానాదులు తరతరములుగా అడవిని నమ్ముకొని బ్రతికిన ఈ చోటును 1969లో రాకెట్టు కేంద్రమునకై ఎన్నుకొనిరి; 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అను చిన్న రాకెట్టు ఇచ్చటనుండి తొలిసారి ఎగిరెను. యానాదులు స్వేచ్ఛగా తిరిగిన నేల కంచెలలో పడిన కథ వేఱొక వ్యాసమునకు తగినది. దానిని బొత్తిగా విడిచి ఈ తీరమును గూర్చి వ్రాయుట న్యాయము కాదు గనుక ఇచట పేర్కొంటిని.

ఇక అన్యలోకముల జీవమును గూర్చిన ప్రశ్నకు వత్తము. ఆకాశములోని తారలలో పెక్కు మన సూర్యునివంటివి కావు; అంతకంటె చిన్నవై, చల్లనివై, మందమైన ఎఱ్ఱని కాంతి నిచ్చు అరుణ మరుగుజ్జులు. కుంభరాశిలో సుమారు 40 కాంతిసంవత్సరముల దూరమున నున్న ట్రాపిస్ట్-1 అట్టిదే. దాని ద్రవ్యరాశి సూర్యునిలో నూటికి తొమ్మిది వంతులు, పరిమాణమున గురుగ్రహముకంటె కొంచెమే పెద్దది. దానిచుట్టు మూడు గ్రహములు తిరుగుచున్నట్లు 2016లోను, మొత్తము ఏడు రాతిగ్రహములున్నట్లు 2017 ఫిబ్రవరిలోను వెల్లడియైనది. 2016 నాటి పరిశీలనలలో లడఖ్‌నందలి హన్లేలోని హిమాలయన్ చంద్ర దూరదర్శినికిని పాలు కలదు. తార చిన్నదగుట శోధకునికి కలిసివచ్చిన సంగతి. మన భూమి సూర్యబింబమునకు అడ్డువచ్చినచో దూరమునుండి చూచువానికి వెలుగు 12,000 వంతులలో ఒక్క వంతు మాత్రమే తగ్గును. ట్రాపిస్ట్-1కు భూమియంతటి గ్రహము అడ్డువచ్చినచో నూటికి అర వంతుకు పైగా తగ్గును. తార చల్లనిదగుటచే నీరు నీరుగా నిలువగల మండలము దానికి అతిసమీపమున నుండును. అచటి సంవత్సరము మన దినములలో లెక్కింపదగినంత పొట్టిది గనుక గ్రహము మాటిమాటికి అడ్డువచ్చును. అయితే వెలుగు తగ్గిన కొలత గ్రహపు పరిమాణమును చెప్పునే కాని, అచట గాలి యున్నదో, నీరున్నదో చెప్పదు. దానికై గ్రహమునుండి వచ్చు కాంతిని విడదీసి చదువవలెను. చదివినదానిని సరిపోల్చుకొనుటకు ఒక మాతృక కావలెను. జీవమున్నదని నిశ్చయముగా మన మెఱిగిన గ్రహమో, ఒక్కటే.

షేప్ పుట్టిన దిందుకే. బెంగళూరులోని యు.ఆర్.రావు ఉపగ్రహ కేంద్రమున రూపొందిన ఈ పరికరము భూమిని ఖండములుగా, సముద్రములుగా వేఱుపఱచి చూడక, అంతటిని ఒక్క వెలుగుముద్దగా గ్రహించి, కంటికి కనబడని పరారుణ కాంతిలో 1 నుండి 1.7 మైక్రాన్ల మేర కొలుచును. రేడియో పౌనఃపున్యముచే నడుపబడు ఒక స్ఫటికము, ఆ పౌనఃపున్యమును మార్చినకొలది ఒక్కొక్క తరంగదైర్ఘ్యమును ఏఱి యిచ్చును. నీటియావిరి 1.4 మైక్రాన్ల కడను, ప్రాణవాయువు 1.27 కడను, బొగ్గుపులుసు వాయువు 1.6 కడను కాంతిని మ్రింగి తమ గుర్తులను విడుచును. ఇంతటితో ఆగక కాంతి ధ్రువణమునుకూడ, అనగా అది ఏ తలమున హెచ్చుగా కంపించుచున్నదో దానినికూడ, కొలుచుట దీని విశేషము. అపరాహ్ణమున పులికాటు నీటిపై ఎండ తళతళలాడి కండ్లు మూతలుపడు వేళ, పోలరైజ్డ్ కండ్లజోడు పెట్టుకొన్నవానికి ఆ మిఱుమిట్లు అణగి లోతు తక్కువ చోట్ల అడుగున నున్న నాచు కానవచ్చును. నీటిపై బడి మరలిన వెలుగు ఒకానొక తలమునందే హెచ్చుగా కంపించుటయు, ఆ జోడు దానిని అడ్డగించుటయు ఇందుకు కారణము. సూర్యునినుండి నేరుగా వచ్చు కాంతి కట్టి మొగ్గు లేదు. కావున ధ్రువణమును కొలిచి, వచ్చిన వెలుగు కడలినుండి మరలినదో, మబ్బునుండి మరలినదో కొంతవఱకు ఊహింపవచ్చును.

ఆగస్టు 17న ల్యాండరును విడిచినపిదప మాడ్యూలు చంద్రునిచుట్టు తిరుగుచు మూడు నెలలు ఈ పని చేయవలెనని ఏర్పాటు. కాని ఇంధనము 100 కిలోలకు పైగా మిగిలియుండుటచే అక్టోబర్‌లో దానిని భూమివైపు మరలించుటకు పూనుకొనిరి. ఆ క్రమములోనే అక్టోబర్ 28న, మనకు పాక్షిక చంద్రగ్రహణమైన వేళ, షేప్‌ను ప్రత్యేకముగా పనిచేయించిరి. మనకది చంద్రగ్రహణమే, చంద్రునివైపునుండి చూచువానికి మాత్రము భూమియే అడ్డువచ్చిన సూర్యగ్రహణము, అనగా దూరపు తారలకు వాని గ్రహములు అడ్డువచ్చు తీరే.

గ్రహణవేళ కాచి వెలుగును విడదీసి చూచుట తెలుగుసీమకు క్రొత్త కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమునకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరున మకాము వేసెను. బ్రిటిషు ఖగోళజ్ఞుడు టెనెంట్ బృందమును ఆ యూరనే యుండెను. మద్రాసు వేధశాలాధికారి పోగ్సన్ మచిలీపట్టణము చేరెను. సూర్యుని యంచున ఎగయు జ్వాలలను వర్ణపటదర్శినితో చూడగా ప్రకాశమానములైన గీతలు కానవచ్చి, అవి మిక్కిలి వేడెక్కి వెలుగుచున్న వాయువులని తేలినది. ఆ గీతల కాంతిని చూచిన జాన్సెన్‌కు, వీనికి గ్రహణముతో పనియేమి యని తోచినది. మఱునాడు మామూలు ఎండలోనే వానిని పట్టిచూపెను. ఆ యేటి పరిశీలనలలో కనబడిన పసుపు గీతయే తుదకు హీలియమునకు దారితీసెను.

అయినను షేప్ లెక్క అరుణ మరుగుజ్జుల గ్రహములకు యథాతథముగా అతుకదు. అవి ఎప్పుడును ఒకే ముఖమును తారవైపు త్రిప్పియుండునని శాస్త్రజ్ఞుల ఊహ; అట్లైన ఒక వంక నిత్యము పగలు, మఱొక వంక నిత్యము రాత్రి. యౌవనమున ఆ తారలు వెదజల్లు ప్రచండ కిరణములకు గ్రహపు గాలియే ఎగిరిపోవచ్చును. 2023లో జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని ట్రాపిస్ట్-1 కుటుంబపు లోపలి రెండు గ్రహములను పరీక్షింపగా దట్టమైన వాయుమండలపు జాడ కానరాలేదు. అచట మొక్కలున్నను అవి ఆకుపచ్చగా నుండవలెనను నియమము లేదు. కాని నీటియావిరి మాత్రము ఏ తార వెలుగునైనను 1.4 మైక్రాన్ల కడనే మ్రింగును. ఆ తావున నిండు భూబింబపు వెలుగు ఎంత కుంగునో, బింబము సన్నగిలినప్పుడెంత కుంగునో తెలుపు పట్టీ, రేపు అట్టి గ్రహముల కాంతిని నేరుగా పట్టబోవు శోధకుడు మొదట తెఱచి చూడదగినది.