రక్తనిధి దాచిన సాక్ష్యం: హెపటైటిస్ సీ వైరస్ ఆవిష్కరణ చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రక్తం ఎక్కించడం పెద్ద ఆసుపత్రుల్లో నిత్యకృత్యమైంది గాని, ఆ రక్తం వెంట ఏమేమి రోగి ఒంట్లోకి చేరుతున్నాయో తెలుసుకునే సాధనాలు వైద్యుల చేతిలో లేవు. శస్త్రచికిత్స సక్రమంగా జరిగి, గాయం మాని ఇంటికి వెళ్ళినవారిలో కొందరికి కొన్ని వారాలకే కళ్ళు పచ్చబడేవి. అంతకంటే ఎక్కువమందికి పైకి ఏ లక్షణమూ కనిపించకుండానే కాలేయం దెబ్బతినేది. అమెరికాలోని బెథెస్డాలో జాతీయ ఆరోగ్య సంస్థల ఆసుపత్రిలో 1960లలో గుండె శస్త్రచికిత్స చేయించుకున్నవారిని వరుసగా పరీక్షిస్తూ పోయినప్పుడు, వారిలో దాదాపు 30 శాతం మందికి కాలేయవాపు, అంటే హెపటైటిస్, సోకినట్టు తేలింది. దాని మూలాన్ని వెతకడానికి జీవితాన్ని వెచ్చించినవారిలో ముఖ్యుడు ఆ ఆసుపత్రి రక్తనిధి వైద్యుడు హార్వే ఆల్టర్.

ఆయన తొలి విజయం అనుకోకుండా వచ్చింది. శాస్త్రవేత్త బరూక్ బ్లంబర్గ్‌తో కలిసి ఆయన అగర్ జిగురు పరిచిన పలకలో చిన్న గుంటలు చేసి, ఒక గుంటలో అనేకసార్లు రక్తం ఎక్కించుకున్న రోగి సీరాన్ని, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని, చుట్టూ ఉన్న గుంటల్లో వేర్వేరు జాతులవారి సీరాలను పోసి పరిశీలించేవారు. రెండు సీరాలలోని ప్రోటీన్లు జిగురులో ఎదురెదురుగా పాకి కలుసుకున్న చోట, ఒకటి మరొకదాన్ని గుర్తిస్తే, సన్నని తెల్లని గీత ఏర్పడుతుంది. ఆస్ట్రేలియా ఆదిమవాసి ఒకరి సీరంతో అలాంటి గీత కనిపించడంతో ఆ పదార్థానికి ఆస్ట్రేలియా యాంటిజెన్ అని పేరు వచ్చింది. అది హెపటైటిస్ బీ వైరస్ పైపొరలోని భాగమని తర్వాత తెలిసింది. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ బహుమతి లభించింది.

1970 ప్రాంతంలో బెథెస్డా రక్తనిధి రెండు మార్పులు చేసింది: డబ్బు తీసుకుని రక్తం అమ్మేవారిని పూర్తిగా మానుకుని స్వచ్ఛంద దాతలనే తీసుకోవడం, దాతలందరికీ బీ పరీక్ష చేయడం. దాంతో 30 శాతం కాస్తా సుమారు 10 శాతానికి దిగింది. ఈ తగ్గుదలలో కొత్త పరీక్ష కంటే దాతల మార్పు వాటాయే ఎక్కువ. మన దేశంలో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు మేరకు రక్తం అమ్మకాన్ని 1998 జనవరి 1 నుంచి నిషేధించారంటే, ఈ పాఠం ఇక్కడికి చేరడానికి పాతికేళ్ళకు పైగా పట్టిందని అర్థం.

మిగిలిన 10 శాతమే ఆల్టర్‌కు అసలు ప్రశ్న అయింది. శస్త్రచికిత్సకు ముందు ఒకసారి, ఆ తర్వాత నెలల తరబడి క్రమం తప్పకుండా ప్రతి రోగి రక్తాన్నీ తీసి, కాలేయ కణాలు చెడినప్పుడు రక్తంలోకి కారే ఏఎల్‌టీ అనే ఎంజైమును కొలిచి, మిగిలిన సీరాన్ని గడ్డకట్టించి దాచేవారు. దాతల నమూనాలు కూడా అలాగే భద్రమయ్యేవి. ఆ గొట్టాల్లో ఏముందో ఎవరికీ తెలియని రోజుల్లో, ఎప్పుడో రాబోయే పరీక్ష కోసం వాటిని పేరు, తేదీలతో సహా కాపాడటమే ఈ చరిత్రలో అన్నిటికంటే దూరదృష్టి గల పని అనిపిస్తుంది.

1973లో స్టీఫెన్ ఫైన్‌స్టోన్, ఆల్బర్ట్ కపికియన్, రాబర్ట్ పర్సెల్ హెపటైటిస్ ఏ వైరస్‌ను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూడగలిగినప్పుడు, మిగిలిన కేసులన్నీ దానివేనని భావించడం సహజమే. దాచిన సీరాలను పరీక్షిస్తే ఒక్క కేసు కూడా హెపటైటిస్ ఏ కాదని తేలింది. 1975లో ఆ ఫలితాన్ని ప్రకటిస్తూ ఏ కాదు, బీ కాదు అన్న అర్థంలో ఆ వ్యాధిని నాన్-ఏ, నాన్-బీ అన్నారు. 1978లో రోగుల రక్తంతో చింపాంజీలకు వ్యాధి సోకుతుందని ఆల్టర్ బృందం చూపింది. క్లోరోఫాం కలిపిన నమూనాకు వ్యాధిని కలిగించే శక్తి పోవడంతో, ఆ కారకం చుట్టూ కొవ్వు పొర ఉన్న వైరస్ అని ఊహించగలిగారు. కనిపించని వైరస్ గురించి ఇంత తెలిసింది గాని, ఎన్ని ప్రయోగశాలలు ప్రయత్నించినా అది మాత్రం దొరకలేదు.

1982 నుంచి కాలిఫోర్నియాలోని కైరాన్ సంస్థలో మైకేల్ హౌటన్, క్వి-లిమ్ చూ, జార్జ్ కువో, అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రానికి చెందిన డేనియల్ బ్రాడ్లీ అందించిన చింపాంజీ రక్తంతో, వైరస్‌ను చూడకుండానే దాని జన్యువును పట్టుకునే మార్గం వెతికారు. రక్తంలోని జన్యుపదార్థాన్ని ముక్కలుగా బాక్టీరియాలోకి చేర్చి, ఆ ముక్కలు తయారుచేసే ప్రోటీన్లపై రోగి సీరాన్ని పోసి, అందులోని యాంటీబాడీ, అంటే శరీరం వైరస్‌కు ఎదురుగా తయారుచేసుకున్న ప్రోటీన్, దేనికి అంటుకుంటుందో చూశారు. లక్షల ముక్కల్లో నిలిచిన ఒకే ఒక్కటి చివరికి దారి చూపింది. ఆ ఫలితాలు 1989 ఏప్రిల్‌లో వెలువడ్డాయి, వైరస్‌కు హెపటైటిస్ సీ అన్న పేరు స్థిరపడింది.

ఇక్కడే దాచిన గొట్టాలు మళ్ళీ పనికొచ్చాయి. ఆల్టర్ అంతకుముందే వ్యాధిని అంటించగలవని రుజువైన సీరాలను, ఆరోగ్యవంతుల సీరాలను కలిపి, సంకేత సంఖ్యలు మాత్రమే వేసిన ఒక వరుస తయారుచేశారు. వైరస్ దొరికిందని చెప్పుకునే ప్రయోగశాలలకు దాన్నే పంపేవారు, ఒక్కటి కూడా గట్టెక్కలేదు. కైరాన్ పరీక్ష గట్టెక్కింది. 1970లలో శస్త్రచికిత్స చేయించుకుని దీర్ఘకాలిక వ్యాధికి లోనైన 15 మంది సీరాలను కరిగించి చూస్తే, 15 మందిలోనూ కొత్త యాంటీబాడీ కనిపించింది. అయితే అది రక్తం ఎక్కించిన కొన్ని నెలలకు గాని ఏర్పడలేదు. 1990 నుంచి అమెరికా రక్తనిధుల్లో ఈ పరీక్ష మొదలై, మెరుగుపడుతూ, రక్తం ద్వారా సోకే హెపటైటిస్‌ను దాదాపు లేకుండా చేసింది. 1997లో చార్లెస్ రైస్ బృందం ప్రయోగశాలలో నిర్మించిన వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను చింపాంజీ కాలేయంలోకి ఎక్కించి, ఆ ఒక్క వైరస్సే వ్యాధికి చాలునని నిరూపించింది. ఆల్టర్, హౌటన్, రైస్ 2020లో నోబెల్ పంచుకున్నారు. చూ, కువోలకు చోటు లేదన్న కారణంతో 2013లో గైర్డ్నర్ పురస్కారాన్ని హౌటన్ తిరస్కరించారన్నది కూడా ఈ చరిత్రలో భాగమే.

చికిత్స చాలాకాలం ఇంటర్‌ఫెరాన్ సూదిమందులతో, జ్వరాలతో, అరకొర ఫలితాలతో నడిచింది. వైరస్ తన ఆర్‌ఎన్‌ఏను నకలు చేసుకునేటప్పుడు అసలు జన్యు అక్షరం స్థానంలో దూరి గొలుసును మధ్యలో ఆపేసే సోఫోస్‌బువిర్ మాత్ర 2013 డిసెంబరులో అమెరికాలో ఆమోదం పొందింది. 12 వారాల కోర్సు ధర అప్పట్లో 84,000 డాలర్లు. 2014లో ఆ మందును తెచ్చిన గిలియడ్ సంస్థ భారత కంపెనీలకు తయారీ అనుమతులు ఇచ్చింది, వాటిలో హైదరాబాదుకు చెందిన హెటిరో ఒకటి. మన పేటెంట్ కార్యాలయంలో గిలియడ్‌ను ఎదిరించిన హైదరాబాదు సంస్థ నాట్కో కూడా 2015లో అనుమతి తీసుకుని, 28 మాత్రల సీసాను 19,900 రూపాయలకు విడుదల చేసింది. అలాంటివి మూడు సీసాలైతే 12 వారాల కోర్సు. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందులు ఉచితంగా ఇస్తున్నారు.

అయినా వ్యాధి ఇరవై, ముప్పై ఏళ్ళు చడీచప్పుడు లేకుండా కాలేయాన్ని గట్టిపరుస్తూ పోతుంది గనుక, చికిత్స అందుబాటులో ఉన్నా సోకిన సంగతి తెలియనివారు చాలామంది ఉన్నారు. మన రక్తనిధుల్లో సీ పరీక్ష తప్పనిసరి అయింది 2001లో మాత్రమే. అంతకుముందు ప్రసవంలోనో, ప్రమాదంలోనో, శస్త్రచికిత్సలోనో రక్తం ఎక్కించుకున్నవారు ఇప్పటికైనా ఒక్కసారి పరీక్ష చేయించుకోవడం అవసరం.