సర్వే నంబరు పట్టుకొని

నిజామాబాద్ జిల్లా బాల్కొండ రైతు పాస్‌బుక్‌లోని సర్వే నంబరు వెనక చాలా కాగితాలుంటాయి. నిజాం కాలపు సర్వేలో పుట్టిన మూల రికార్డు సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఏటేటి సాగు, అనుభవం రాసే పహాణీలు, పట్టా మార్పుల ఫైసల్ పట్టీలు, కొలతల టిప్పన్, గ్రామ నక్షా. ఒకదానిలో తేడా వస్తే ఆ నంబరు పట్టుకొనే మరోదానికి వెళ్లాలి. కంప్యూటర్ లోకం ఈ అవసరాన్ని మాన్యువళ్ల దగ్గర గుర్తించింది. 1985లో సింబాలిక్స్ అనే కంప్యూటర్ సంస్థ తన యంత్రాల వేల పేజీల మాన్యువల్‌ను జానెట్ వాకర్ రూపొందించిన డాక్యుమెంట్ ఎగ్జామినర్‌లో పెట్టింది. కావలసిన అంశం దగ్గర మొదలుపెట్టి, అందులో ప్రస్తావించిన మరో అంశం మీద మౌస్ నొక్కితే అది తెరుచుకునేది. పేజీలను తెర మీదికి ఎక్కించడం సులువు, వాటి మధ్య దారి వేయడమే అసలు పని. మన భూరికార్డుల కంప్యూటరీకరణ ఆ రెండో పనిని వదిలేసిందని నా వాదన.

ఒకప్పుడు ఆ దారి ఊరి భూమి లెక్కలు రాసే పట్వారీకి తెలుసు. సేత్వార్లు ఉర్దూలో ఉండేవి, రైతు చదవలేడు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారులను తీసేసింది, కానీ వాళ్లకు తెలిసినదంతా దఫ్తరాల్లోకి ఎక్కలేదు. 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. పట్టాదారు, ఖాతా, విస్తీర్ణం కనిపించాయి. పహాణీలోని అనుభవదారు కాలమ్ పోయింది, తెర మీది పేరు ఏ పాత కాగితం నుంచి వచ్చిందో అక్కడే తెరిచి చూసే వీలూ లేకపోయింది. ఈ ప్రాంతంలో అది చిన్న లోటు కాదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు కోసం భూసేకరణ జరిగింది. 2016లో బాల్కొండ మండలం నుంచి మెండోర, ముప్కాల్ విడిపోయాయి. ఒక నంబరులోని భూమి కొంత ప్రభుత్వానికి, కొంత వారసులకు పోయినచోట, చివరి పేరొక్కటే చూపితే ఏం తేలుతుంది?

పట్వారీ పెత్తనం కన్నా తెర నయం కదా అనవచ్చు. నిజమే, ఆ పెత్తనానికి బలం దారిని దాచడంలోనే ఉంది కాబట్టే దారిని అందరికీ తెరవాలి. పాత కాగితాలు ఒకదానికొకటి పొసగవు, కలిపితే తగాదాలు పెరుగుతాయన్న అభ్యంతరం ఇంకా గట్టిది. కానీ ఆ తగాదాలు ఇప్పటికే ఉన్నాయి, నకళ్ల కోసం తహసీల్ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నది రైతే. ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న మొదలైన భూభారతి అప్పీలుకు చోటిచ్చింది. ఆ అప్పీలు వినే అధికారికీ, వేసే రైతుకూ ఒకే నంబరు కింద సేత్వార్ స్కాన్, పక్కనే దాని తెలుగు పాఠం, ఆ తర్వాతి ప్రతి మార్పు తేదీతో సహా తెరుచుకోవాలి.