సంతకం ముందా, సరుకు ముందా

సాఫ్ట్‌వేర్ ట్రైనింగు క్లాసుల్లో ఒక కథ చెబుతారు. అందులో వాటర్‌ఫాల్ అనే పాత పద్ధతి విలన్, ఎజైల్ అనే కొత్త పద్ధతి హీరో. హైదరాబాద్‌లో రెండు రకాల ప్రాజెక్టులూ నడిపి రిటైరైన నాకు ఆ కథ మింగుడుపడదు. నా లెక్కలో ఇది ప్రోగ్రామర్ల చరిత్ర కన్నా, కొనేవాళ్ల చరిత్ర. ఎవరు, ఎప్పుడు, దేని మీద సంతకం పెట్టి డబ్బులిస్తారన్నదే పద్ధతిని తేల్చింది.

పాత పద్ధతికి ఆద్యుడని అందరూ చెప్పే విన్‌స్టన్ రాయిస్ అంతరిక్ష నౌకల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసిన ఇంజినీరు. 1970లో అమెరికాలో ఒక సదస్సుకు ఆయన సమర్పించిన పత్రంలో ఏడు గడులు మెట్లుమెట్లుగా కిందికి దిగే బొమ్మ ఉంది. పైన అవసరాలు, నడుమ డిజైను, కోడింగు, ఆ కింద టెస్టింగు, అట్టడుగున వాడకం. బొమ్మతో పాటు రాసింది చదివినవాళ్లు తక్కువ. ఇలాగే నడిపితే ముప్పేననీ, అసలు చిక్కులు టెస్టింగు దాకా బయటపడవనీ, అప్పుడిక డిజైనే మార్చాల్సి రావచ్చనీ ఆయన హెచ్చరించాడు. కొత్త తరహా ప్రోగ్రామైతే రెండుసార్లు కట్టమన్నాడు. 30 నెలల పనైతే ముందు 10 నెలల్లో నమూనా ఒకటి కట్టి చూడమని లెక్క కూడా వేశాడు. కొనేవాణ్ని మొదటినుంచీ కలుపుకుపొమ్మన్నాడు.

బొమ్మ నిలిచింది, హెచ్చరిక పోయింది. కొనేవాళ్లకు బొమ్మే పనికొచ్చింది మరి. 1985లో అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టర్ల కోసం 2167 నంబరు ప్రమాణం తెచ్చింది. దశదశకూ ఇన్ని పత్రాలు, ఇన్ని సమీక్షలు అని అందులో ఉండేసరికి, చాలామంది దాన్ని మెట్ల పద్ధతిగానే చదువుకున్నారు. ఖజానా సొమ్ము ఖర్చుపెట్టే అధికారి సగం రాసిన ప్రోగ్రామును ఆడిటరుకు చూపించలేడు, సంతకమైన పత్రమైతే ధీమాగా చూపిస్తాడు. 1994లో దాన్ని తీసేసి కొంత సడలింపుతో 498 నంబరు ప్రమాణం తెచ్చారు గానీ, అప్పటికే పాత అలవాటు పాతుకుపోయింది.

మన ఊరికి వచ్చింది ఆ అలవాటే. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికి ఎక్కడ చూసినా వైటూకే, అంటే 2000 సంవత్సరపు తేదీల చిక్కు సరిచేసే పనే. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగు సెంటర్ల బోర్డుల మీద కోబాల్, మెయిన్‌ఫ్రేమ్. ఏడాదిని రెండంకెల్లో దాచిన చోటల్లా వెతికి కోడు సరిచెయ్యాలి. అవసరం మారేది కాదు, గడువు క్యాలెండరే పెట్టింది. అలాంటి పనికి అన్నీ ముందే రాసుకుని వరసగా దిగిపోవడం కన్నా మంచి దారి లేదు. వాటర్‌ఫాల్‌ను తిట్టిపోసేవాళ్లు ఈ మాట ఒప్పుకోరు.

వైటూకే అయిపోయాక మేం న్యూజెర్సీ బీమా కంపెనీకి పని చేశాం. అవసరాల పత్రం స్పైరల్ బైండింగు వేస్తే దిండంత అయ్యేది. క్లయింటు సంతకం ఫ్యాక్సులో వస్తేనే మొదటి విడత బిల్లు కదిలేది. ఆ తర్వాత చిన్న మార్పు కావాలన్నా సీఆర్, అంటే చేంజ్ రిక్వెస్టు ఫారం నింపాలి. ఏ మాడ్యూలు, ఎన్ని గంటలు, ఎన్ని డాలర్లు అని అందులో గడులుండేవి. తక్కువకు కోట్ చేసి గెలిచిన ప్రాజెక్టులో లాభమంతా ఆ ఫారాల్లోనే. సీఆర్ వచ్చిందంటే మా మేనేజరు అందరికీ టీ, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించేవాడు. క్లయింటు మనసు మార్చుకోవడం మాకు కష్టం కాదు, రాబడి.

అటు అమెరికాలో ప్రోగ్రామర్లు వేరే దారి వెతుకుతున్నారు. 1996లో క్రిస్లర్ కార్ల కంపెనీ జీతాల ప్రాజెక్టులో కెంట్ బెక్ చిన్నచిన్న విడతలుగా కట్టించాడు. కొనేవాళ్ల మనిషి ఒకరు ప్రోగ్రామర్లతో పాటే కూర్చోవాలన్నాడు. 1997లో ఆ సాఫ్ట్‌వేరు సుమారు పదివేల మందికి జీతాలు వేసింది. మిగతావాళ్లకు విస్తరించకుండానే 2000లో ప్రాజెక్టు ఆగింది, పద్ధతి మాత్రం ఆగలేదు. 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో బెక్‌తో సహా 17 మంది కలిసి ఎజైల్ ప్రకటన రాశారు. కాంట్రాక్టు బేరాల కన్నా కొనేవాడితో కలిసి పనిచెయ్యడం ముఖ్యమన్నారు. వ్యాపారం చూసేవాళ్లూ ప్రోగ్రామర్లూ రోజూ కలిసి పనిచెయ్యాలనీ, ఎదురెదురుగా మాట్లాడుకోవడమే మేలనీ అన్నారు.

మా వ్యాపారం నిలబడిందే ఎదురుగా లేకపోవడం మీద! అయినా కొన్నేళ్లకు క్లయింట్లే ఎజైల్ కావాలన్నారు. గోడల మీద పనులు రాసిన రంగు చీటీలు, స్ప్రింట్లనే రెండేసి వారాల విడతలు, న్యూజెర్సీ పొద్దున తొమ్మిదిన్నరకు మాకు రాత్రి ఏడింటి ఫోను, చలికాలమైతే ఎనిమిదింటికి. కాంట్రాక్టు మాత్రం పాతదే. ఇంత పని, ఇంత గడువు, ఇంత ధర. ఒకసారి ఓ కుర్రాడు స్టోరీ, అంటే ఒక చిన్న పని, రాసిన చీటీ పట్టుకొచ్చాడు.

“మేడమ్, ఈ స్టోరీకి ఐదు పాయింట్లా, ఎనిమిదా?”

“బిడ్‌లో ఎన్ని గంటలు రాసిచ్చాం?”

“నలభై.”

“అయితే ఐదెయ్.”

పని ఎంత కష్టమో టీమే తేల్చాల్సిన అంకెను అలా బిడ్ తేల్చేసింది.

కొనేవాడు మారితే ఏమవుతుందో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ చూపించింది. కేసుల ఫైళ్లు కంప్యూటర్లోకి ఎక్కించడానికి కాంట్రాక్టరు చేత చేయించిన వ్యవస్థను సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో వదిలేసింది. తర్వాత సెంటినెల్ పేరుతో ఇంకో కాంట్రాక్టరుకు దశలవారీగా అప్పజెప్పింది, అదీ నత్తనడకే. 2010లో పని తన చేతుల్లోకి తీసుకుని, చిన్న జట్టుతో ఎజైల్‌గా కట్టించింది. 2012 జులైలో సెంటినెల్ వాడకంలోకి వచ్చింది. చీటీల వల్లే గెలిచారని కొందరంటారు. కొనేవాడే వచ్చి ప్రోగ్రామర్ల పక్కన కూర్చోవడం వల్ల గెలిచారని నేనంటాను.

ఇప్పుడు అమీర్‌పేటలో ఎజైల్ జట్టుకు దారి చూపే స్క్రమ్ మాస్టర్ కోర్సుల కరపత్రాలు పంచుతున్నారు. నేర్చుకోండి, తప్పులేదు. కానీ ప్రాజెక్టులో చేరిన రోజున గోడ మీది చీటీలు చూసి పద్ధతి ఏదో అనుకోకండి. బిల్లులు ఎప్పుడు, దేనికి పాసవుతాయో అడగండి. పత్రానికి డబ్బులిస్తే అది వాటర్‌ఫాలే, పేరేదైనా సరే.